ఒక్క గొంతులోంచి మూడు గొంతులు: మోహన గీతానికి మా అమ్మాయి కట్టిన హార్మొనీ

హ్యూస్టన్ చుట్టుపక్కల, కేటీ, షుగర్ ల్యాండ్ వైపు తెలుగు ఇళ్ళల్లో ఇది మామూలే. పిల్లకి ఆరేడేళ్ళు రాగానే సరళీ స్వరాలు మొదలుపెట్టిస్తాం, మిడిల్ స్కూల్ కొచ్చేసరికి అదే పిల్ల స్కూల్ కాయిర్ లో చేరుతుంది. ఇంక అక్కణ్ణుంచి ఒకళ్ళనొకళ్ళం అడుగుతూనే ఉంటాం, రెండూ కలిపి నేర్పిస్తే పిల్ల కన్ఫ్యూజ్ అవ్వదా, ఏదో ఒకటి మానిపించాలా అని. మా ఇంట్లో కూడా ఈ మాట చాలాసార్లు వచ్చింది, సంగీతం క్లాసు మానేస్తానని మా అమ్మాయే అనేదాకా వెళ్ళింది. రెండూ ఉంచండి అని ఇవాళ నేను గట్టిగా చెప్తాను. ఎందుకో చెప్పాలంటే మేం ఇంట్లో చేసిన ఒక పని గురించి చెప్పాలి, కాస్త వివరంగానే చెప్తాను, మీ పిల్లలతో మీరు కూడా చేసుకోవచ్చు.

మా అమ్మాయి కాయిర్ లో ఆల్టో. అంటే అసలు ట్యూన్ వేరేవాళ్ళు పాడుతుంటే దానికింద ఇంకో దారిలో వెళ్ళే గొంతు. ఇంట్లో ప్రాక్టీస్ చేయాలంటే పక్కన ఆ పై గొంతు పాడేవాళ్ళెవరూ లేరు, తమ్ముడికి పాటంటే పారిపోవడమే. అటు సంగీతం క్లాసేమో విజయవాడ నించి జూమ్ లో, శనివారం రాత్రి మనకి, ఆదివారం పొద్దున టీచర్ గారికి. అక్కడ ఎంతమంది ఉన్నా అందరూ పాడేది ఒకటే స్వరం. "అమ్మా, కాయిర్ లో నా చుట్టూ వేరే నోట్స్ ఉంటాయి, ఇక్కడ ఎప్పుడూ నేనొక్కదాన్నే" అని దాని బాధ. ఆ బాధ నాకు అర్థమైంది, సంగీతం మీద ఇష్టం లేక అన్న మాట కాదది.

దానికి దారి చూపించింది మా ఆయన. ఆయన చాలా ఏళ్ళు ఇక్కడ ఆయిల్ కంపెనీలో సీస్మిక్ డేటా మీద పనిచేశారు. అంటే భూమిలోకి శబ్ద తరంగాలు పంపించి, అవి కింద పొరలకి తగిలి తిరిగొచ్చేదాన్నిబట్టి నూనె ఎక్కడుందో అంచనా వేయడం. పాడినవాళ్ళ శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్ ఈ పనిలోంచే పుట్టిందని ఆయన చెప్తే మా అమ్మాయి నమ్మలేదు, కానీ నిజమే. దాన్ని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు ఎక్సాన్ లో సీస్మిక్ డేటా పనే చేశాడు, 1982 లో ఇదే హ్యూస్టన్ లో ల్యాండ్‌మార్క్ గ్రాఫిక్స్ అని కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు, తర్వాత సంగీతం వైపు వచ్చి 1997 లో ఆటో-ట్యూన్ తెచ్చాడు. లోపలి లెక్క పేరు ఆటోకోరిలేషన్. మా ఆయన భోజనాల బల్ల దగ్గర రెండు కాగితాల మీద ఒకటే తరంగం గీసి, ఒకదాన్ని ఇంకోదానిమీద జరుపుతూ చూపించారు. ఎక్కడ మళ్ళీ అచ్చు గుద్దినట్టు కలుస్తుందో ఆ జరిపిన దూరమే ఒక చుట్టు, దాన్నిబట్టి శ్రుతి తెలుస్తుంది. మా అమ్మాయి పాడేది ఐదు శ్రుతి, అంటే దాని సా 196 హెర్ట్జ్, ఒక్కో చుట్టుకి 5 మిల్లీసెకన్లు చిల్లర. నాన్న ఆఫీసులో చేసేదీ తను పాడేదీ ఒకే లెక్కలోకి వస్తాయని తెలిశాక అది కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

ఇంక అసలు పని. ఒక్కసారి పాడి రికార్డ్ చేస్తాం, అదే రికార్డింగ్ ని కాపీ చేసి, ఒక్కో స్వరాన్నీ పట్టుకుని పైకో కిందకో జరిపి రెండో గొంతు తయారుచేస్తాం. మెలోడైన్ అని జర్మనీలో మ్యూనిక్ వాళ్ళది ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఈ పనికి మంచి పేరు దానిదే, 30 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. మా దగ్గర మాక్ ఉంది కాబట్టి మేం ఆపిల్ వాళ్ళ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ లో ఫ్లెక్స్ పిచ్ వాడాం. గరాజ్‌బ్యాండ్ ఉచితమే కానీ ఫ్లెక్స్ పిచ్ అందులో లేదు. ఆడాసిటీ కూడా ఉచితమే, కాకపోతే అందులో మామూలుగా శ్రుతి మారిస్తే గొంతే మారిపోయి కార్టూన్ బొమ్మ మాట్లాడినట్టు వస్తుంది. కారణం ఏంటంటే మన నోరు, గొంతు, ముక్కు ఆకారాన్నిబట్టి కొన్ని పౌనఃపున్యాలు గట్టిగా వినిపిస్తాయి, ఫార్మెంట్లు అంటారు వాటిని. మనిషి స్వరం పైకి వెళ్ళినా ఆ ఆకారం పెద్దగా మారదు కదా, కానీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ కలిపి జరిపేస్తే ఫార్మెంట్లు కూడా జరిగిపోతాయి, అప్పుడది చిన్నపిల్లదో రాక్షసుడిదో అయిపోతుంది. వాటిని కదలకుండా ఉంచి స్వరాన్ని మాత్రమే జరిపే సాఫ్ట్‌వేర్ కావాలి.

పాట ఏది అని ఆలోచించి, పిల్లలందరూ మొదట్లో నేర్చుకునే మోహన రాగం గీతం తీసుకున్నాం. గీతమే ఎందుకంటే అందులో గమకాలు, అంటే స్వరాన్ని ఊపడాలు, తక్కువ, దాదాపు ఒక అక్షరానికి ఒక స్వరం, స్క్రీన్ మీద విడివిడిగా దొరుకుతాయి. బట్టల క్లోజెట్లో నిలబెట్టి పాడించాం, తంబుర హెడ్‌ఫోన్స్ లోనే, బయటికి రాకూడదు, ఎందుకంటే రికార్డింగ్ లో రెండో శబ్దం కలిస్తే సాఫ్ట్‌వేర్ కి ఏది గొంతో తేల్చుకోవడం కష్టం. గది మోత కూడా వద్దు, అది తర్వాత వేసుకోవచ్చు.

అసలు విషయం ఇక్కడే ఉంది, అన్నిటినీ ఒకే దూరం జరిపితే కుదరదు. మెట్టంటే పియానోలో ఒక మీట నించి, నల్లవి కూడా లెక్కేసి, పక్క మీటకి ఉన్న దూరం. సా కి నాలుగు మెట్లు పైన గా, బానే ఉంది, కానీ అదే నాలుగు మెట్లు రి కి కలిపితే ప్రతి మధ్యమం, గా కి కలిపితే శుద్ధ ధైవతం, ద కి కలిపితే శుద్ధ రిషభం వచ్చి కూర్చుంటాయి, ఇవేవీ మోహనంలో లేవు, రాగం ఎక్కడా కనపడదు. అందుకని మా అమ్మాయి కాయిర్ లో చేసినట్టే మేజర్ స్కేల్, అంటే మన శంకరాభరణం స్వరాలు, పెట్టి కింద థర్డ్ కట్టింది, అంటే ప్రతి స్వరానికీ దాంతో కలిపి లెక్కేస్తే కింద మూడోది. వినడానికి హాయిగా ఉంది, నాకూ నచ్చింది, వాట్సాప్ లో మా అమ్మకి పంపింది. మా అమ్మ ఎక్కడా పద్ధతిగా సంగీతం నేర్చుకోలేదు, ఊళ్ళో రామాలయం భజనలో పాడేది, అంతే. వెంటనే ఫోన్ చేసింది. "ఆ కింద గొంతు పాడే పిల్లెవరే, అక్కడక్కడ రాగం వదిలేస్తోంది, నువ్వు బాగానే పాడుతున్నావు తల్లీ" అంది. రెండూ నేనే అమ్మమ్మా అంటే ఒక పట్టాన నమ్మలేదు. ఎక్కడ వదిలేస్తోందో పాడి చూపించమంటే పాడింది, సరిగ్గా రి, ద ఉన్న చోట్లే. లెక్క చూస్తే మేజర్ స్కేల్ లో రి కి కింద థర్డ్ నిషాదం, ద కి కింద థర్డ్ మధ్యమం, మోహనంలో ఆ రెండూ లేవు. భజనలో కూర్చుని సంపాదించిన చెవి అది, ఆ చెవికి నేను దణ్ణం పెడతాను.

దాంతో మా అమ్మాయి కాగితం పెట్టుకుని కూర్చుంది. మోహనంలో ఉన్నవి స రి గ ప ద అని ఐదే స్వరాలు కాబట్టి ఆ ఐదింట్లోనే ఒకటి వదిలి ఇంకోటి కింద గొంతుకి ఇద్దాం అనుకుంది. పై సా కి ప, రి కి మంద్ర ద (కింది స్థాయిలో ద), గా కి సా, ప కి రి, ద కి గా. మెట్లు లెక్కేస్తే అన్నీ ఐదేసి మెట్ల దూరం, ఒక్క గా కి సా మాత్రం నాలుగు. ఇది ఎవరూ చెప్పలేదు దానికి, తనే కనిపెట్టింది. మళ్ళీ కట్టి అమ్మమ్మకి పంపితే "ఇప్పుడు ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారు" అంది. మూడో గొంతుకి గీతం వాడలేదు, ఒక పొడుగాటి సా పాడించి, దాని కాపీని ఐదు మెట్లు కిందికి దించి మంద్ర పంచమం చేసి రెండూ అడుగున ఉంచాం.

చిన్న చిన్న విషయాలు కొన్ని, చేసేవాళ్ళకి పనికొస్తాయి. ఒకే రికార్డింగ్ కాబట్టి పై గొంతూ కింద గొంతూ ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ఆగుతాయి, మనుషులు అలా పాడరు, అందుకే కింద గొంతుని ఒక 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చేట్టు జరపాలి, కొన్ని చోట్ల ఇంకాస్త, ఫార్మెంట్ కొంచెం దించితే వేరే మనిషిలా ఉంటుంది. స, ష, చ లాంటి వాటికి శ్రుతి ఉండదు, అది గాలి శబ్దమే, రెండు గొంతుల్లోనూ అవి పడితే బుసబుసమంటుంది కాబట్టి కింద గొంతులో వాటిని తగ్గించేయాలి. వాల్యూమ్ అసలు గొంతుకంటే బాగా కిందే ఉండాలి.

గాంధారం సంగతి మాత్రం తొందరగా వదిలేయలేను. సాఫ్ట్‌వేర్ లో స్వరాలన్నిటినీ కచ్చితంగా సరిచేయి అని ఒక బటన్ ఉంటుంది, అది పియానో శ్రుతికి లాగుతుంది. పియానోలో ఒక్కో మెట్టు వంద సెంట్లు, సా నించి గా దూరం 400 సెంట్లు, కానీ తంబుర బాగా శ్రుతి చేస్తే సా తీగలోంచే తనంతట తానే ఒక గాంధారం వినిపిస్తుంది చూశారా, దాని లెక్క 386. ఆ 14 సెంట్ల తేడా తంబుర పక్కన పెడితే గీసుకుంటుంది. మా అమ్మాయి అసలు రికార్డింగ్ చూస్తే అది పాడిన గా లు చాలావరకు ఆ 386 దగ్గరే ఉన్నాయి, అది తప్పు కాదు, ఏళ్ళ తరబడి తంబుర విని దాని గొంతు అక్కడ నిలబడింది. సాఫ్ట్‌వేర్ కి అది తప్పులా కనపడుతుంది. మేం ఆ బటన్ నొక్కలేదు. దీనిమీద కాయిర్ టీచర్ ని అడిగితే ఆవిడ ఏమన్నారంటే, వాద్యాలు లేకుండా పాడేటప్పుడు మేం కూడా థర్డ్ ని కొంచెం కిందకే పాడమంటాం అన్నారు. రెండు చోట్లా మంచి చెవి అడిగేది ఒకటే అని ఆ రోజు మా అమ్మాయికి తెలిసింది, నేను ఎన్నిసార్లు చెప్పినా రానిది.

గమకం కూడా అంతే. గీతంలో తక్కువే అయినా ఒకచోట గా మీద చిన్న ఊపు ఉంది, స్క్రీన్ మీద అది అలలాగా కనిపించింది. వైబ్రాటో అని ఉన్న చోట పట్టుకుని కిందికి లాగితే గీత తిన్నగా అయిపోయింది, వింటే ప్రాణం లేదు. మళ్ళీ వెనక్కి పెట్టింది. ఇన్నేళ్ళుగా టీచర్ గారు "ఊపాలమ్మా, ఊపాలి" అంటుంటే ఎందుకు అనే పిల్ల, ఊపు తీసేస్తే ఏం పోతుందో తన గొంతులోనే విని తెలుసుకుంది. ఆ తర్వాత క్లాసు మానేస్తానన్న మాట మళ్ళీ రాలేదు.

టీచర్ గారికి వినిపించాలంటే నాకు కొంచెం బెరుకుగానే ఉండింది. ఆవిడ పూర్తిగా విని, కృతుల జోలికి వెళ్ళకండి, తోడి, భైరవి లాంటి రాగాల్లో స్వరం ఒకచోట నిలబడదు, దానికి పక్కన ఇంకో స్వరం ఎక్కడ పెడతారు అన్నారు. కావాలంటే దీక్షితార్ నోట్టు స్వరాలు తీసుకోండి, ఆయన మద్రాసు వైపు ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని శంకరాభరణంలో వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు, గమకం ఉండదు, వాటికి హార్మొనీ కట్టినా ఎవరూ బాధపడరు అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందటే అంత పెద్దాయన రెండో సంగీతాన్ని చెవిన పెట్టుకుని కూడా తన రాగాల్ని తను అలాగే ఉంచుకున్నారంటే, మన పిల్లలకి అది ఎందుకు కుదరదు?

ఇంకొక్క మాట మాత్రం తోటి తల్లిదండ్రులకి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ లో వచ్చిన కింద గొంతుని అక్కడే ఆపకండి. అది చిత్తుప్రతి మాత్రమే. మేం ఆ కింద గొంతుని మా అమ్మాయికే నేర్పించాం, పై గొంతు స్పీకర్ లో పెట్టి అది కింద దారి పాడేది, మొదట్లో ట్యూన్ వెంట జారిపోయేది, పోనుపోను నిలబడింది. ఇంట్లో పై గొంతు పాడేవాళ్ళు లేరన్న లోటు అలా తీరింది, తన గొంతే తనకి తోడు. ఆ ఏడాది కాయిర్ లో ఆల్టో వరసలో అది గట్టిగా నిలబడిందంటే ఈ ప్రాక్టీసే కారణం అని నా నమ్మకం.

ఇప్పుడు హిందోళం మీద పడింది. అక్కడ కూడా ఒకటి వదిలి ఒకటి పద్ధతిలోనే కడితే మళ్ళీ అన్నీ ఐదు మెట్లు, ఒక్కటి మాత్రం నాలుగు, కాకపోతే ఆ నాలుగు ఈసారి సా కి ద దగ్గర పడింది. ఇలా ఎందుకు వస్తోంది అని కాగితం కెమెరా ముందు పెట్టి టీచర్ గారిని అడిగింది. ఆవిడ నవ్వి, మోహనంలో గాంధారాన్ని సా అనుకుని పాడు, ఏ రాగం వస్తుందో చూడు అన్నారు. పాడింది, హిందోళం వచ్చింది. దీన్ని గ్రహభేదం అంటారమ్మా, రి ని సా అనుకుంటే ఏమొస్తుందో, ప ని అనుకుంటే ఏమొస్తుందో వచ్చే వారానికి రాసుకురా అన్నారు. రాత్రి పదిన్నర దాటినా అది తంబుర ఆపలేదు, తెల్లారి ఆదివారమే కదా అని నేనూ ఏం అనలేదు.