సరదా డైవింగ్‌కి బ్యాక్‌ప్లేట్, వింగ్: కొనేముందు నేను వేసిన లెక్కలు

నీళ్లలో తేలడాన్ని అదుపు చేసుకోవడానికి డైవర్లు గాలి నింపుకునే జాకెట్లు ఉంటాయి. అద్దెకి దొరికే వాటితో నాకున్న పెద్ద చిక్కు, ఏ రెండు ట్రిప్పుల్లోనూ ఒకే రకం దొరకకపోవడం. ఒక చోట మీడియం సైజు వదులుగా వేలాడుతుంది, ఇంకో చోట అదే మీడియం గాలి నింపగానే డొక్కలు నొక్కేస్తుంది. నీళ్లలో మునగడానికి నడుముకు కట్టుకునే సీసం ఒకదానికి 5 కిలోలు సరిపోతే ఇంకోదానికి 6 కిలోలు కట్టాలి. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్లిన ప్రతిసారీ (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, డైవర్ల నోట ఇంకా పాత పేరే నడుస్తోంది) మొదటి డైవ్ అంతా బరువు సరిచూసుకోవడానికే పోయేది. అంత దూరం వెళ్లి, అంత డబ్బు పెట్టి, పగడాల మీద చూపు నిలపకుండా గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ మీదే వేలు పెట్టుకుని తిరగడం బాధగా ఉండేది. సొంత బీసీడీ (ఇలా గాలితో తేలుడు అదుపు చేసే సామానుకి డైవర్ల పేరు) కొనుక్కోవాలనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాక జాకెట్ల కన్నా బ్యాక్‌ప్లేట్, వింగ్ మీదికే మనసు పోయింది. అప్పుడు తెలుగులో నాకేమీ దొరకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్యాక్‌ప్లేట్ అంటే వీపుకి ఆనే లోహపు పలక. దానికున్న గాట్లలోంచి రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీని ఒకే ముక్కగా తీసి భుజాల మీదుగా, నడుం చుట్టూ తిప్పుతారు. ఇంకో పట్టీ వెనక నుంచి కాళ్ల మధ్యగా ముందుకొచ్చి నడుం పట్టీకి తగులుకుంటుంది. పలకకీ సిలిండర్‌కీ మధ్యన గాలి తిత్తి ఉంటుంది, అదే వింగ్. జాకెట్‌లో ఇవన్నీ కలిపి కుట్టేస్తారు, ఇందులో దేనికది విడిగా ఉంటుంది. వింగ్ చిరిగితే వింగ్ ఒక్కటే మార్చుకోవచ్చు, పట్టీ అరిగితే కొన్ని మీటర్ల పట్టీ కొనుక్కుంటే సరి.

ఇది ఫ్లోరిడా నీటి గుహల్లో డైవింగ్ చేసేవాళ్లు తమ అవసరం కోసం తయారుచేసుకున్న పద్ధతి. వాళ్లలో ఒకరైన విలియం హోగార్త్ మెయిన్ పేరు మీదే ఒకే ముక్క పట్టీ అమరికను ఇప్పటికీ హోగార్తియన్ అంటారు. వీపు మీద రెండు సిలిండర్లతో గుహల్లోకి వెళ్లేవాళ్ల సామాను, ఒక్క సిలిండర్‌తో 18 మీటర్ల లోతులో చేపలు చూసే నాలాంటివాడికి ఎందుకని నేనూ ఆలోచించాను. విశాఖలో నాకు డైవింగ్ నేర్పిన మాస్టారు తన ప్లేటు ఒకటి ఇచ్చి రుషికొండ దగ్గర నీళ్లలోకి దింపాక ఆ అనుమానం పోయింది. గాలి అంతా వీపు మీద ఉంది, ఛాతీ దగ్గర నొక్కేది ఏదీ లేదు, ఊపిరి నిండుగా ఆడుతోంది. కాళ్లు కిందికి జారకుండా ఒళ్లంతా అడ్డంగా, సాపుగా నిలిచింది. అక్కడి నీళ్లు అండమాన్ అంత తేటగా ఉండవు కాబట్టి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఉన్న ధ్యాసంతా ఒంటి మీదే పెట్టగలిగాను.

స్టీల్ ప్లేటా, అల్యూమినియం ప్లేటా అని అడిగితే మాస్టారు ఒక్క మాటే అన్నారు: "ముందు నీ సీసం లెక్క తేల్చుకో. ఏ లోహమో అదే చెబుతుంది."

ఆ లెక్క ఇలా వేశాను. నేను 3 మిల్లీమీటర్ల ఫుల్ వెట్‌సూట్ (ఒళ్లంతా కప్పే రబ్బరు సూటు) వేసుకుంటాను. అద్దె జాకెట్‌తో, అల్యూమినియం సిలిండర్‌తో నాకు పట్టేది 5 కిలోల సీసం. మెత్తలు కుట్టిన జాకెట్ చాలావరకు తనంతట తానే కొంచెం తేలుతుంది. అంటే ఆ 5 కిలోల్లో కొంత సీసం నన్ను కాదు, జాకెట్‌ని ముంచడానికే పోతోంది. స్టీల్ ప్లేటు మామూలుగా 2.5 నుంచి 3 కిలోల మధ్య ఉంటుంది. స్టీల్ సముద్రపు నీళ్లలో తన బరువులో ఎనిమిదో వంతు మాత్రమే కోల్పోతుంది కాబట్టి 2.7 కిలోల ప్లేటు నీళ్లలో కూడా 2.3 కిలోల పైచిలుకే. అల్యూమినియం ప్లేటు సుమారు ఒక కిలో, అదీ నీళ్లలో మూడో వంతుకు పైగా తేలికైపోయి 600 గ్రాముల దగ్గర ఆగుతుంది. జాకెట్ తేలుడు తీసేసి, స్టీల్ ప్లేటు బరువు కలిపితే నాకు ఇంకా కట్టుకోవాల్సింది సుమారు 2 కిలోలు. అల్యూమినియం అయితే మూడున్నర పైనే.

ఆ మిగిలే 2 కిలోలు చాలా ముఖ్యం. ప్లేటు బరువును ఆపదలో విప్పి పడేయలేం. నడుముకున్న సీసాన్ని పడేయొచ్చు. బరువంతా ప్లేటులోనే ఉండి చేతికందే సీసం ఏమీ లేకపోతే, వింగ్ పనిచేయనప్పుడు మిగిలేది కాళ్ల బలమే. "నిండు సిలిండర్‌తో, ఖాళీ వింగ్‌తో అడుగు నుంచి ఈదుకుంటూ పైకి రాగలవా? రాగలిగితేనే ఆ సామాను నీది" అన్నారు మాస్టారు. ఆయన పక్కనే ఉండగా 10 మీటర్ల దగ్గర వింగ్‌లో గాలంతా వదిలేసి, ఫిన్స్ కొట్టుకుంటూ నెమ్మదిగా పైకి వచ్చి చూశాను. ఆయాసం వచ్చింది గానీ వచ్చేశాను. నాకు స్టీలే అని అక్కడే ఖాయం చేసుకున్నాను.

సీసం డైవ్ సెంటర్‌లో ఎలాగూ ఇస్తారు కదా, ఇనుము మోసుకుని విమానం ఎక్కడం దేనికి అని కొందరు అంటారు. దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటిలో సామాను 15 కిలోలే కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. నేను తూకం వేసి చూస్తే స్టీల్ ప్లేటు, పట్టీలు, వింగ్ కలిపి 5 కిలోల లోపు వచ్చాయి. మామూలు జాకెట్ కూడా 3 కిలోల పైమాటే. మిగతా తేడా కోసం నేను బట్టలు తగ్గించుకున్నాను. నడుం మీద 5 కిలోల సీసం కాళ్లను కిందికి లాగుతుంది, అదే బరువు వీపంతా పరుచుకుని ఊపిరితిత్తుల దగ్గర ఉంటే ఒళ్లు అడ్డంగా నిలుస్తుంది. ఆ సుఖం కోసం రెండు కిలోలు మోయడం నాకు కష్టంగా అనిపించదు.

వింగ్ ఎంత పెద్దది కావాలన్నది రెండో లెక్క. నీళ్లలో అది చేయాల్సిన పనులు రెండు. మొదటిది డైవ్ ఆరంభంలో సిలిండర్‌లోని గాలి బరువు మోయడం. మన దగ్గర ఎక్కువగా కనిపించే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌ని 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) వరకు నింపితే లోపలి గాలే 2.7 కిలోల దాకా తూగుతుంది. అందుకే అదే సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యాక తేలుతుంది. రెండోది వెట్‌సూట్. 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి 3 రెట్లు. సూటు రబ్బరులోని సన్నని బుడగలు ఆ ఒత్తిడికి నలిగి తేలుడు పోతుంది. నా సూటు తేలుడు మొత్తం పోయిందనుకున్నా 2 కిలోలు దాటదు. రెండూ కలిపితే 5 కిలోల లోపే.

నీటి పైన లెక్క వేరు. నేను సామాను విప్పేసి పక్కన వదిలినా అది మునిగిపోకూడదు. స్టీల్ ప్లేటు, నిండు సిలిండర్, ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్, బకిల్స్ అన్నీ కలిపి నీళ్లలో ఇంకో 5 కిలోలు. ఒంటి మీద ఉన్నప్పుడు తల నీళ్ల పైన నిలపడానికి మరికొంత. ఎటు చూసినా 13 కిలోల లిఫ్ట్ (వింగ్ తేల్చగలిగే బరువు), అంటే పౌండ్లలో 30 దగ్గర, నాకు ధారాళంగా సరిపోతుంది. మందమైన సూట్లు, బరువైన స్టీల్ సిలిండర్లు వాడే చలి దేశాల వాళ్లకి ఇది చాలకపోవచ్చు.

ఒక ఆన్‌లైన్ దుకాణంవాళ్లు మాత్రం "ఎందుకైనా మంచిది" అంటూ 27 కిలోల లిఫ్ట్ ఉన్న వింగ్ అంటగట్టబోయారు. అది రెండు సిలిండర్లకు చేసింది. ఒక్క సిలిండర్‌కు కడితే, భోజనమయ్యాక విస్తరి మడిచినట్టు రెండు పక్కలా పైకి లేచి సిలిండర్‌ను కప్పేస్తుంది. లోపల గాలి ఎక్కడో మడతలో ఇరుక్కుని, వదలాలన్నప్పుడు కదలదు. పైగా ఈదేటప్పుడు నీళ్లు దానికి తగిలి వెనక్కి లాగుతుంది. లిఫ్ట్ ఎక్కువుంటే భద్రత ఎక్కువని చెప్పి ఇలా అమ్మేయడం నాకు కోపం తెప్పించింది, ఎందుకంటే కొత్తవాళ్లు ఆ మాట నమ్ముతారు. ఆకారం విషయంలో నేను గుండ్రంగా మూసుకుని ఉండే డోనట్ రకం తీసుకున్నాను. గుర్రపు నాడా ఆకారంలో ఉండే దానికన్నా ఇందులో గాలి కింది నుంచి అటూ ఇటూ సులువుగా తిరుగుతుంది, కింద ఎడమ పక్కనున్న వాల్వ్‌తో వదలడం తేలిక.

లోహం, లిఫ్ట్ తేలాక బ్రాండు గురించి నేను పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. ప్లేటు బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు అన్నది దాదాపు అందరూ పాటించే కొలత కాబట్టి ఒకరి ప్లేటుకి ఇంకొకరి వింగ్ కుదురుతుంది. మన దగ్గర తొడిగి చూసి కొనే దుకాణాలు తక్కువ. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా ధరలో కలుపుకుని చూసుకోవాలి.

పార్శిల్ వచ్చాక అసలు పని మొదలైంది. పట్టీ సరిగ్గా అమరకపోతే ఎంత మంచి ప్లేటైనా దండగ. కొత్త నైలాన్ పట్టీ బిరుసుగా, అంచులు గీరుకునేలా ఉంటుంది. కాసేపు నీళ్లలో నానబెడితే గాట్లలోంచి దూర్చడం తేలికవుతుంది. టీషర్టు మీద కొలతలు చూడొద్దని మాస్టారు ముందే చెప్పారు. హైదరాబాద్ ఎండాకాలంలో, హాల్లో ఫ్యాను కింద, వెట్‌సూట్ వేసుకుని నిలబడ్డాను. మా చెల్లెలు వెనక నిలబడి ప్లేటు పట్టుకుంది.

"అన్నయ్యా, తల వంచు" అంది. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే పెద్ద ఎముక ఉంటుంది కదా, ప్లేటు పై అంచు ఆ దగ్గరికి రావాలి. అంతకన్నా కిందికి ఉంటే చెయ్యి వెనక్కి చాపినా సిలిండర్ వాల్వ్ అందదు. భుజం పట్టీ బిగుతుగా ఉంటేనే బాగా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. అరచెయ్యి కిందికి హాయిగా దూరాలి, బకిల్ విప్పాక చెయ్యి సులువుగా బయటికి రావాలి. ప్లేటును కదలకుండా పట్టి ఉంచేది నడుం పట్టీ, కాళ్ల మధ్య పట్టీ, భుజాలవి ఊరికే ఆనితే చాలు. ఛాతీ మీద సామాను తగిలించుకునే డీ రింగులను చంక ఎత్తులో, ఏ చేతి బొటనవేలు ఆ పక్క రింగుకు అందేలా పెట్టాను. నడుం బకిల్ నడిమధ్యకు కాస్త కుడివైపు ఉండాలి, లేకపోతే కాళ్ల మధ్య పట్టీ రింగు దానికి అడ్డుపడుతుంది. మిగిలిన పట్టీ కొసలను వెంటనే కోయకుండా కొన్ని డైవ్‌లు అయ్యేదాకా మడిచి ఉంచాను. నీళ్లలో సర్దుకోవాల్సింది ఏదో ఒకటి బయటపడుతుంది. అన్నీ కుదిరాక కోసి, పీచు లేవకుండా లైటర్‌తో అంచు కాల్చాను.

స్విమ్మింగ్ పూల్‌లో సరిచూసుకున్న బరువు సముద్రంలో పనికిరాదు. ఉప్పునీళ్లు రెండున్నర శాతం బరువెక్కువ. మనిషీ సామానూ కలిపి 100 కిలోలు అనుకుంటే సముద్రంలో ఇంకో రెండున్నర కిలోలు కావాలి. పూల్‌లో నేను చూసుకున్నది ఒక్క సీసం కూడా లేకుండా ఒళ్లు ఎలా నిలుస్తోందన్నదే.

హావ్‌లాక్‌లో నీమో రీఫ్ దగ్గర తీరం నుంచే దిగి అసలు పరీక్ష చేశాను. దిగేముందు ఒక చిన్న పని ఉంది, ఎవరూ మానకూడదు: సిలిండర్ బిగించే పట్టీలను ముందు నీళ్లలో తడిపి తర్వాత బిగించాలి. పొడిగా బిగిస్తే నీళ్లలో నైలాన్ సాగి సిలిండర్ జారుతుంది. డైవ్ చివర 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర ఆగి, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీలుస్తూ ఉన్నాను. 2 కిలోలతో పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. పైకొచ్చాక వింగ్‌లో గాలి మరీ ఎక్కువ నింపితే ముఖం నీళ్లలోకి వాలుతుందని చెబుతారు. అది నిజమే, కొంచెం వదిలి వెనక్కి ఆనుకుంటే సర్దుకుంటుంది. మర్నాడు డిక్సన్స్ పినకిల్‌లో 28 మీటర్ల దగ్గర బ్యారకుడాల గుంపు చుట్టూ తిరుగుతుంటే, ఇన్‌ఫ్లేటర్ బటన్‌ను ఎప్పుడు నొక్కానో కూడా గుర్తులేదు.

ఇది చూసి చెల్లెలు కూడా నాలాంటిదే తెప్పించమంది. తన లెక్క వేరు. 50 కిలోల మనిషి, పల్చటి లైక్రా సూటు, జాకెట్‌తోనే 2 కిలోల సీసం సరిపోతుంది. స్టీల్ ప్లేటు వేస్తే ఆ 2 కిలోలూ అందులోనే పోయి, ఆపదలో పడేయడానికి ఏమీ మిగలదు, పైగా ఇంకా బరువెక్కువవుతుంది. అందుకే తనకి అల్యూమినియం ప్లేటు, అదీ చిన్న సైజు, ఇంకా చిన్న వింగ్. ఆర్డర్ పెట్టేశాం.