ఎలుగుబంటి ముద్రణ కోసం లండన్‌కు

ఆంగ్ల తత్వవేత్త థామస్ హాబ్స్ రాసిన రాజనీతి గ్రంథం ‘లెవియాథన్’ తొలి ముద్రణలు మూడింటి మీదా 1651 అనే ఉంటుంది. నిజంగా ఆ ఏట అచ్చయినది ఒక్కటే. తక్కినవి తరువాతి కాలంలో పాత తేదీ వేసుకుని దొంగచాటుగా వెలువడ్డాయి. ముఖపత్రం మీది బొమ్మను బట్టి అసలుదానికి ‘తల’ అనీ, తరువాతి వాటికి ‘ఎలుగుబంటి’, ‘అలంకారాలు’ అనీ పేర్లు స్థిరపడ్డాయి. నేను లండన్ వెళ్ళింది ఎలుగుబంటి కోసం.

ముందుగా సెయింట్ పాల్స్ కెథడ్రల్ ఆవరణ చూశాను. ఆండ్రూ క్రుక్ ‘గ్రీన్ డ్రాగన్’ గుర్తు గల కొట్లో ఈ పుస్తకం అమ్మినది అక్కడే. 1666 నాటి అగ్నిప్రమాదంలో ఆ ప్రాంతమంతా కాలిపోయింది కనుక ఆనాటి ఆనవాళ్ళేవీ లేవు. అదే ఏడు పార్లమెంటులో నాస్తికత్వానికి వ్యతిరేకంగా వచ్చిన బిల్లు సందర్భంలో ఈ పుస్తకం పేరు ప్రస్తావనకు వచ్చింది. పూర్వం 8 షిల్లింగులకు దొరికినదాన్ని తాను 24 షిల్లింగులిచ్చి పాత ప్రతిగా కొన్నానని, బయట 30 పలుకుతున్నదని, బిషప్పులు మళ్ళీ అచ్చు వేయనివ్వకపోవడమే అందుకు కారణమని ఆనాటి లండన్ జీవితాన్ని డైరీలో నమోదు చేసిన శామ్యూల్ పీప్స్ 1668 సెప్టెంబరులో తన డైరీలో రాసుకున్నాడు. అంత గిరాకీ ఉన్న పుస్తకాన్ని ఏదో ఒక ముద్రణాలయం రహస్యంగా వేయక మానదు.

సెసిల్ కోర్టు సందులోని ఒక పాత పుస్తకాల కొట్టులో తల, ఎలుగుబంటి ప్రతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. చిన్న చిన్న మనుషులతో నిండిన రాజు దేహాన్ని రాగిరేకు మీద చెక్కిన ఆ ప్రఖ్యాత చిత్రం మొదటి ప్రతిలో నల్లగా, పదునుగా ఉంది. రెండవదానిలో గీతలు పలచబడ్డాయి. ముఖపత్రం మధ్యలో ఆకుల తీగను పట్టుకున్న ఎలుగుబంటి మాత్రం స్పష్టంగా ఉంది. లండన్‌లో జాన్ రెడ్‌మేన్ 1670లో అచ్చు మొదలుపెట్టగా ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీ వారు పట్టుకున్నారని, ఈ ముద్రణలో కొన్ని ఫారాలు (అచ్చు కాగితాలు) ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయని హాబ్స్ రచనల పరిశోధకుడు నోయెల్ మాల్కమ్ పరిశోధనలో తేలింది. అసలు ముద్రణకు ఎక్కువ ధర పలకడం సహజమే గాని, నా దృష్టిలో నిషేధాన్ని దాటుకుని పాఠకుల చేతికి అందిన ప్రతికే ఎక్కువ విలువ.

మర్నాడు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, 1683 జులైలో విశ్వవిద్యాలయం వారు హాబ్స్ పుస్తకాలను తగలబెట్టించిన స్కూల్స్ క్వాడ్రాంగిల్‌లో చాలాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచే కొట్టుకు ఫోన్ చేసి, ఎలుగుబంటి ప్రతిని నాకోసం తీసి ఉంచమన్నాను.