ఆ ఫోటో 21 ఇంక్లైన్‌ది కాదట

నాలుగేళ్లుగా ఇల్లందు బొగ్గు బావుల చరిత్ర అంటూ తిరుగుతున్నా. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. మా తాత బాయిలో ఫిల్లర్, తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గు టబ్బులు నింపినవాడు, నాకున్న అర్హత అంతే. పోగేసిందంతా ఎప్పటికైనా పుస్తకం వేద్దామని ల్యాప్‌టాప్‌లో దాచుకుంటూ వచ్చా, ఒక్క తప్పు కూడా ఉండకూడదని పట్టుదల.

పోయిన వేసవిలో ఒక పాత ఫోటో దొరికితే ఆగలేక ‘21 ఇంక్లైన్ ముందు కార్మికులు’ అని రాసి నలుగురికీ పంపేశా (ఇంక్లైన్ అంటే ఏటవాలుగా లోపలికి దిగే బొగ్గు బాయి). మర్నాడు ఎవరో పెద్దాయన ఫోన్, రిటైరైన హాలర్ (టబ్బులను తాడుతో లాగే యంత్రం) ఆపరేటర్ అట. “ఏం రాసినవ్ బిడ్డా, అది ఇరవై ఒకటి ఎట్లయితది? హాలర్ రూం తలుపు ఎటున్నదో చూసినవా?” అరగంట తిట్టాడు. ఆ అరగంటలో నాకు తెలిసినంత, అంతకుముందు ఏడాది తిరిగినా తెలియలేదు! దాచుకుని ఉంటే ఆ తప్పు అట్లాగే అచ్చయ్యేది.

అప్పటి నుంచి సగం సగంగా ఉన్నవి కూడా బయట పెడుతున్నా, కాకపోతే ఒక నియమం పెట్టుకున్నా. కాగితంలో చూసింది ఏది, నోటిమాటగా విన్నది ఏది అని ప్రతిదాని పక్కనా రాస్తా. భద్రాచలం పోయే యాత్రికులు వంటకు పొయ్యి పెడితే రాళ్లే అంటుకున్నాయని మా దగ్గర అందరూ చెప్తారు, నాకూ ఇష్టమైన కథే, కానీ అది విన్నది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించడం, 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొందడం, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలవడం, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, ఇవి కాగితం మీదున్నవి. బొగ్గేమో ఇల్లందులో, కంపెనీ పేరేమో పక్కనున్న సింగరేణి ఊరిది. ఈ సంగతి చెప్తే మా వాళ్లే ఇప్పటికీ నమ్మరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం ఆ హక్కుల గొడవ. 99 ఏళ్ల ఒప్పందం, దాని వెనక షేర్ల వ్యాపారం లండన్‌లో ఎంత రచ్చ అయిందంటే 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. మా బొగ్గుట్ట (ఇల్లందుకు పాత పేరు) మీద లండన్‌లో సాక్ష్యాలు చెప్పారు మరి! 1881లో అచ్చయిన కింగ్ గోదావరి లోయ రిపోర్టు లాంటి పాత కాగితాలకు కాపీరైట్ టెన్షన్ ఉండదు. మీ దగ్గర స్కాన్ ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేయండి, మన హార్డ్ డిస్క్ ఏ రోజు పోతుందో ఎవరికి తెలుసు.

ఇళ్లలో దొరికేవాటితోనే జాగ్రత్త కావాలి. మస్టర్ కార్డు (కార్మికుడి హాజరు కార్డు) ఫోటో పెట్టే ముందు పేరు, నంబర్ చెరిపేస్తా. బాయిలో పైకప్పు కూలి పోయినవాళ్ల సంగతి ఇంట్లోవాళ్లను అడగకుండా రాయను. ఒకసారి అడిగితే ఆ ఇంటావిడ వద్దంది, అక్కడితో ఆపేశా, పుస్తకంలోనూ ఉండదు. ఇంకోటి, ఫోటోల కోసం మూసేసిన ఇంక్లైన్లలోకి దిగే పిల్లలకు దండం పెడతా: లోపల గ్యాస్ ఉంటే కంటికి కనపడదు, వాసనా రాకపోవచ్చు.

నేను తీసిన ఫోటోల మీద ఎవరో వాళ్ల లోగో వేసుకుని తిప్పుతున్నారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ‘కనీసం ఏ బాయో సరిగ్గా రాయండి’ అని మెసేజ్ పెట్టి ఊరుకుంటున్నా.

అన్నట్టు ఆ ఫోటోలో ఎడమ చివర తలపాగా చుట్టుకుని, చేతిలో దీపం పట్టుకుని ఒకాయన ఉన్నాడు. పెద్దాయన కూడా గుర్తుపట్టలేకపోయాడు. ఇల్లందు నంబర్ 2 బస్తీ వాళ్లెవరైనా ఇంట్లో ముసలివాళ్లకు ఒకసారి చూపించండి.