భీష్మాష్టమి నాటి దోసెడు నీళ్లు

మాఘ శుద్ధ అష్టమి నాడు భీష్మునికి తర్పణం విడుస్తూ చెప్పే శ్లోకాలలో ఒకటి చాలాకాలంగా నా మనసులో నిలిచిపోయింది.

భీష్మః శాంతనవో వీరః సత్యవాదీ జితేంద్రియః ।
ఆభిరద్భిరవాప్నోతు పుత్రపౌత్రోచితాం క్రియామ్ ॥

శంతనుని కుమారుడు, వీరుడు, సత్యవాది, ఇంద్రియాలను జయించినవాడు అయిన భీష్ముడు, కొడుకులూ మనుమలూ చేయవలసిన క్రియను ఈ నీళ్ల వలన పొందుగాక అని దీని భావం. మొదటి పంక్తి నిండా బిరుదులే. రెండవ పంక్తికి వచ్చేసరికి ఆ యోధుడు ఇంటి పెద్ద అయిపోతాడు. పెళ్లి మానుకొని, సంతానం లేకుండా వెళ్లిపోయినవానికి లోకమంతా మనుమలై నీళ్లు విడవాలన్నది ఈ ఆచారంలోని ఉద్దేశం. తండ్రి జీవించి ఉన్నవారు సాధారణంగా తర్పణాలు విడవరు గానీ, భీష్మునికి మాత్రం వారు కూడా విడవవచ్చునని పెద్దలు చెబుతారు.

యుద్ధంలో తొమ్మిదవ నాటి రాత్రి, భీష్ముణ్ణి పడగొట్టే ఉపాయం ఆయన నోటనే విని వచ్చిన అర్జునుడు కృష్ణుని ముందు కుమిలిపోతాడు. చిన్నప్పుడు ఒంటినిండా దుమ్ముతో వెళ్లి ఆయన ఒడి ఎక్కి, ఆ దుమ్మంతా ఆయనకు పూసి, "తాతా" అని పిలిచేవాడినని, "నేను నీకు తాతను కాను, నీ తండ్రికి తాతను" అని ఆయన సరిదిద్దేవాడని తలచుకుంటాడు. సంస్కృతంలో తాత అంటే తండ్రి. తెలుగు పిల్లవాడు పిలిచి ఉంటే ఆ సవరణ అవసరమే ఉండేది కాదు! పది రోజులు సేనాధిపత్యం వహించిన ఆ మహావీరుణ్ణి చంపవలసి వచ్చిన వేళ, అర్జునునికి గుర్తుకు వచ్చింది ఆయన విలువిద్య కాదు, ఒడి.

అందరూ మిలిటరీ తాత అని పిలిచిన మా తాతగారి విషయంలోనూ నాకు ఇదే జరుగుతుంది. ఆయన పతకాలు ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉండేవి. యుద్ధం గురించి అడిగితే మాట మార్చేవారు. నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది, ప్రతి ఉదయం నా బడి బూట్లను ముందు వేసుకొని, ముక్కు మీద ఆవిరి ఊది, పాత బనియన్ గుడ్డతో అద్దంలా మెరిసేదాకా రుద్దే ఆయన చేతులు.

అయితే, నాన్న పుట్టిన పదకొండు నెలలకు గానీ తాతగారికి సెలవు దొరకలేదట. ఎవరో కొత్త మనిషి ఎత్తుకున్నాడని బిడ్డ గుక్కపట్టి ఏడ్చిన సంగతి నాయనమ్మ చివరిదాకా దెప్పుతూనే ఉండేది. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్న భీష్ముణ్ణి కూడా నేను పూర్తిగా క్షమించలేను. ఆ లెక్కలు తేలిన తరువాతే నీళ్లు విడవమని శ్లోకం అడగదు.

అంపశయ్య మీద వాలిన భీష్ముడు తలగడ కావాలంటే రాజులు మెత్తని దిండ్లు తెచ్చారు. ఆయన వద్దన్నాడు. ఆ మనసు తెలిసిన అర్జునుడు మూడు బాణాలు నాటి తలకు ఆనుగా నిలిపాడు. మంచం పట్టిన రోజుల్లో తాతగారు కూడా దూది దిండును పక్కకు నెట్టి, తన సైన్యపు కంబళినే మడిచి తలకింద పెట్టమనేవారు. ఒకనాడు నాన్న మడతపెడితే అంచులు కలవలేదు. తాతగారు మాట్లాడలేక వేలితో చూపించారు. నాన్న విప్పి మళ్లీ మడిచారు, అంచుకు అంచు కలిసేదాకా మూడుసార్లు.

భీష్ముడు అంపశయ్య మీద 58 రాత్రులు గడిపి, ఉత్తరాయణం వచ్చాక ప్రాణాలు విడిచాడు. ఆయన తిథి నాడు నాన్నా నేనూ పక్కపక్కనే నిలబడతాం. నాన్న ఉన్నారు కనుక తాతగారికి తర్పణం విడవవలసింది ఆయనే. నాకు వీలున్నది భీష్మునికి మాత్రమే. అందుకని నువ్వులు కలిపిన నీళ్లు దోసిట్లో పట్టుకొని భీష్ముని పేరే చెబుతాను. 'పౌత్ర' అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను.