మూడేళ్ళ ఫోను

"నాకు ఆ ఫోన్ వద్దమ్మా. అది మనం వెళ్ళిపోవడానికి కొనే ఫోన్."

జూన్‌లో తిరుపతికి పోయినప్పుడు, కొర్లగుంటలో మా నాన్నవాళ్ళ మిద్దె మీద కూర్చుని మా పాప అన్న మాట ఇది. తనకు పద్నాలుగేళ్ళు. ఆగస్టులో అమెరికాలో హైస్కూల్. హైస్కూల్లో చేరేటప్పుడు సొంత ఫోను కొనిస్తామని ఎప్పుడో మాటిచ్చాం. అంతవరకు నా పాత ఫోనుతోనే సర్దుకుంది, పాపం ఒక్కరోజు కూడా సణగలేదు. అందుకే ఈసారి మంచిదే కొనాలనుకున్నాను. మొత్తం డబ్బు ఒకేసారి కట్టి, ఏ కంపెనీ తాళమూ లేకుండా, ఎవరి సిమ్ అయినా పనిచేసే అన్‌లాక్డ్ ఫోను. పాపకేమో తన స్నేహితురాళ్ళకున్నట్టు సర్వీస్ కంపెనీ 36 నెలల ఒప్పందంతో ఇచ్చే ఫోను కావాలి. ఖరీదైన మోడల్ కోసం పట్టుబడుతోందేమో అనుకున్నాను. అడిగితే, నేను చెప్పిన మోడలే తనదీ. రంగు కూడా అదే. తేడా అంతా కొనే పద్ధతిలోనే.

ఈ విషయంలో నా మొండితనానికి కారణం ఉంది. 2011 చివర్లో, అమెరికా వచ్చిన ఏడాదికి, నేను కొన్న మొదటి స్మార్ట్‌ఫోన్ ఐఫోన్ 4ఎస్. రెండేళ్ళ కాంట్రాక్ట్‌తో 199 డాలర్లు. కాంట్రాక్ట్ లేకుండా అయితే అదే ఫోను 649. ఆ 450 డాలర్లు కంపెనీ మనకు దానం చేస్తోందనే అనుకున్నాను. రెండేళ్ళపాటు ప్రతి నెల బిల్లులో ఆ డబ్బు కలిపే వసూలు చేస్తారనీ, మధ్యలో మానేస్తే వందల డాలర్ల జరిమానా ఉంటుందనీ సంతకం పెట్టేటప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. ఒళ్ళో ఎనిమిది నెలల బిడ్డ ఉంది, ఇంటికి ఫోటోలు పంపించాలి, అంతే నాకు కావలసింది.

2013 వేసవిలో తిరుపతికి వచ్చాం. నేను దిగేసరికి నాన్న తన పేరుమీద సిమ్ తీసిపెట్టి ఉన్నాడు. ఫారం నింపి, పాస్‌పోర్ట్ సైజు ఫోటో అంటించి, ఐడీ జిరాక్స్ ఇచ్చి, ఎండలో రెండుసార్లు తిరిగి తెచ్చిన సిమ్ అది. నా ఫోనుకు అది పెద్దదయింది. గాంధీ రోడ్డులో ఒక చిన్న షాపుకు తీసుకెళ్ళాడు. షాపు అబ్బాయి స్టాప్లర్ లాంటి కట్టర్‌లో సిమ్ పెట్టి టక్కుమని నొక్కాడు. అంచు గరుకుగా వస్తే గోటితో గీకి సరిచేసి ఫోనులో పెట్టాడు. ఈ సిమ్ చెల్లదని తెరమీద వచ్చింది. తీసి, చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. "అక్కా, ఇది లాక్ ఫోను. ఆ దేశం కంపెనీ సిమ్ తప్ప ఏదీ పని చేయదు" అన్నాడు.

అర్ధరాత్రి లేచి కంపెనీకి ఫోన్ చేస్తే, కాంట్రాక్ట్ ముగిసేదాకా తాళం తీసేది లేదన్నారు. ఆ నెల రోజులూ నాన్న పాత నోకియాలో ఆ సిమ్ వేసుకుని తిరిగాను. నాన్న నన్నేమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, నిజంగా అర్థం కాక అడిగాడు: "దుడ్లు పెట్టి కొనిండేది నువ్వు కదమ్మా, తాళం వాళ్ళ దగ్గర ఎందుకుండాది?"

ఆ ప్రశ్న నాలో దిగబడిపోయింది. తిరిగి వెళ్ళిన కొన్ని నెలలకు మోటో జీ అనే ఫోను 179 డాలర్లకే అన్‌లాక్డ్‌గా వచ్చింది. కాంట్రాక్ట్ ముగియడమే ఆలస్యం, కొనేశాను. అప్పటినుంచి మా ఇంట్లో కాంట్రాక్ట్ ఫోను లేదు. మా ఆయనకూ లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే ఇప్పటికీ నేను చెప్పేది అదే. పాతకాలపు రెండేళ్ళ కాంట్రాక్టులు ఇప్పుడు లేవు. అమెరికా ఫోన్ కంపెనీల్లో టీ-మొబైల్ 2013లో, వెరైజన్ 2015లో, ఏటీ అండ్ టీ 2016 మొదట్లో వాటిని ఆపేశాయి. వాటి స్థానంలో వాయిదాలు వచ్చాయి. 800 డాలర్ల ఫోను ఉచితం అంటారు. నెలకు 22 డాలర్ల 22 సెంట్లు బిల్లులో వేస్తారు, అంతే మొత్తం క్రెడిట్ అని తగ్గిస్తారు. ఇలా 36 నెలలు. మేముండే టెక్సస్‌లో 8.25 శాతం పన్ను మాత్రం మొత్తం ధర మీద మొదటిరోజే కట్టాలి, అంటే 66 డాలర్లు. పద్నాలుగో నెలలో మానేద్దామంటే క్రెడిట్లు ఆగిపోతాయి, మిగిలిన 22 వాయిదాలు, దాదాపు 489 డాలర్లు, మన నెత్తిన పడతాయి. ఆ బాకీ తీరేదాకా ఫోనుకు తాళం తీయని కంపెనీలున్నాయి. పైగా ఇలాంటి ఆఫర్లు చాలావరకు ఖరీదైన ప్లాన్‌కే ఇస్తారు. చవక ప్రీపెయిడ్‌కూ దానికీ నెలకు 30 డాలర్ల తేడా ఉన్నా, 36 నెలలకు 1,080 డాలర్లు. ఉచితమన్న ఫోను ధరకంటే ఎక్కువ.

మాలాంటి వాళ్ళకు ఇంకొకటుంది, ఓటీపీ. ఇండియాలోని బ్యాంకు అకౌంటుకు, ఆధార్‌కు, గ్యాస్ బుకింగ్‌కు అన్నిటికీ తిరుపతి నంబరే. ఫోనులో రెండో సిమ్‌గా అది ఉండాల్సిందే. తాళం ఉన్న ఫోనులో ఆ వీలుండదు.

ఇదంతా పాపకు ఆ సాయంత్రం చెప్పాను. నోటితో చెబితే చాలదని, నాన్న చించిపెట్టిన పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి చూపించాను. అమ్మ బొరుగులు తాలింపు వేసి గిన్నెలో తెచ్చింది. పాప అందులోంచి చెనక్కాయ పప్పులు మాత్రం ఒక్కొక్కటే ఏరుకుంటూ వింది. కాగితం వైపు చూడలేదు.

"అమ్మా, నిన్న అత్తతో ఏం చెప్పావు?"

"ఏం చెప్పాను?"

"ఇంకో రెండేళ్ళల్లో వచ్చేస్తాం వదినా అన్నావు. నేను సెకండ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు కూడా అదే అన్నావు."

నేను మాట్లాడలేదు.

"ఫోన్ ఎక్కడైనా పని చేయాలి అంటావు. నేను కూడా ఎక్కడైనా పని చేయాలా? నాకు మూడేళ్ళది కావాలి. అది తీసుకుంటే మూడేళ్ళు మనం అక్కడే ఉంటామని నాకు తెలుస్తుంది."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "నీకు తిరుపతి అంటే అంత ఇష్టం లేదా?" అన్నాను. అవ్వా తాతలు వింటుండగా ఆ బిడ్డను అలా అడగడం ఎంత తప్పో, మాట బయటికి వచ్చాక తెలిసింది. పాప మొహం ఎర్రబడింది. "ఇష్టమే. వెళ్ళిపోతామేమో అని ప్రతి ఇయర్ ఫ్రెండ్స్‌కి చెప్పడం నాకు ఇష్టం లేదు" అని లేచి కిందికి వెళ్ళిపోయింది.

ఎదురుగా కొండమీద దీపాలు వెలిగాయి. అలిపిరి నుంచి పైకి పోయే మెట్లదారి లైట్ల వరస మా మిద్దె మీదికి బాగా కనబడుతుంది. చిన్నప్పుడు పరీక్షలకు ఆ లైట్లు చూస్తూనే చదివేదాన్ని. పాపకు నేనివ్వాలనుకున్నది ఇదే. తనకు కావలసింది వేరే ఉందని ఇన్నేళ్ళూ అడగనే లేదు.

చాలాసేపటి తర్వాత నాన్న అన్నాడు: "ఆ బిడ్డ అడిగిండేదాంట్లో తప్పేముందిమ్మా? ముప్పై ఏళ్ళకు అప్పు తెచ్చి అక్కడ ఇల్లు కొన్నారే. దానికి సంతకం పెట్టినప్పుడు లేని భయం మూడేళ్ళ ఫోనుకు ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదు. 2019లో ఇల్లు కొన్నాం. అద్దె కట్టే బదులు వాయిదా కడదాం, పోయేటప్పుడు అమ్మేద్దాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ ఇంట్లోనే పాప కుక్కపిల్ల కావాలని ఏడిస్తే, వెళ్ళేటప్పుడు దాన్నేం చేస్తామన్నాను. పియానో నేర్చుకుంటానంటే, మోసుకెళ్ళలేం కదా అని చిన్న కీబోర్డ్ కొన్నాను. తన గది గోడలకు నీలం రంగు వేయమంటే, అమ్మేటప్పుడు తెల్లగోడలే మేలన్నాను. ముప్పై ఏళ్ళ అప్పు నాకు కట్టుబాటుగా కనబడలేదు. పిల్ల అడిగిన చిన్నచిన్న వాటన్నిటిలో మాత్రం కనబడింది. తాళం లేని ఫోనే మంచిదని లెక్కలు వేసి నిరూపించాను, ఆ లెక్కల్లో తప్పు లేదు. కానీ పన్నెండేళ్ళుగా నేను కొన్నది ఫోను ఒక్కటేనా అని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున నాన్న పాపను గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్ళాడు. తమ్ముడి పెళ్ళి డబ్బు లెక్కలన్నీ చూసి అలసిపోయి, కొలిచిన కుంచం తలకింద పెట్టుకుని స్వామి పడుకున్నాడని నాకు చెప్పిన కథే దానికీ చెప్పాడట. కుబేరుడి అప్పు కథ కూడా. "కలియుగం అయిపోయేదాకా వడ్డీ కడతానే ఉంటాడంట మన స్వామి" అన్నాడట. పాప ఇంటికి వచ్చి నన్ను అడిగింది: "అప్పు తీరేదాకా స్వామి ఇక్కడే ఉండాలి కదా అమ్మా?" నిన్నటి కోపం దాని గొంతులో లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఉండాలనే చెప్పాను.

ఆ వారంలోనే నాన్న గదిలో గోడ క్యాలెండర్ చూశాను. నెల నెలా ఒక తేదీ చుట్టూ ఎర్ర బాల్‌పెన్‌తో సున్నా, పక్కన నా పేరులో మొదటి అక్షరం. ఏమిటి నాన్నా ఇది అంటే, నా సిమ్‌కు రీచార్జ్ వేసే రోజులట. 2013లో కట్టర్‌తో కోసిన ఆ సిమ్ నంబరే. 28 రోజులకొకసారి కాబట్టి ఏడాదికి పదమూడు సార్లు. నెల నెలా తేదీ వెనక్కి జరుగుతుంది, అందుకే రాసిపెట్టుకుంటాడు. చాలాకాలం వాడకపోతే నంబరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారని ఎవరో చెప్పారట. ఓటీపీలు వస్తున్నాయంటే నంబరు దానంతట అదే నడుస్తోందనుకున్నాను. డబ్బు ఎవరు కడుతున్నారని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. మిద్దె మీద మాకోసం కట్టించిన గదికి ఏటా సున్నం కొట్టిస్తున్నాడని తెలుసు. ఇది తెలియదు.

టెక్సస్‌కు తిరిగి వచ్చి మూడు వారాలయింది. ఫోను ఇంకా కొనలేదు. షాపుకు ఒకసారి పోయాం. అక్కడి అమ్మాయి 36 నెలలకు సంతకం పెట్టమని ట్యాబ్లెట్ నా వైపు తిప్పింది. వేలు దాకా వచ్చింది, ఆగిపోయాను. పాప నా మొహం చూసి, "పర్లేదమ్మా, థింక్ చేయి" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల నాకు గడువు ఇచ్చింది. అది ఏడ్చి గొడవ చేసుంటే బాగుండేదనిపించింది.

మా ఆయన ఒక మధ్యమార్గం చెబుతున్నాడు. అన్‌లాక్డ్ ఫోనే కొని, మూడేళ్ళు ఇక్కడినుంచి కదలబోమని దానికి మాటిద్దాం అంటాడు. డబ్బు లెక్కలో అదే సరి. కానీ మాటలు నేను ఇంతకుముందు కూడా ఇచ్చాను, అటు మా నాన్నకు, ఇటు పాపకు. పాపకు కావలసింది నా చేతిలో లేకుండా పోయే మాట. సంతకం పెడితే, నాన్నకు నేనేం చెప్పినట్టు? మూడేళ్ళకు నాన్నకు డెబ్బై ఎనిమిది వస్తాయి. ఆయన అడగడు. మిద్దె మీద కూర్చుని బిడ్డ వైపే మాట్లాడాడు కూడా. ఆ రోజు ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు.

నిన్న రాత్రి పడుకోబోతుంటే నాన్న ఫోన్ చేశాడు. అక్కడ పొద్దున పది. రీచార్జ్ షాపులోనే నిలబడి ఉన్నట్టున్నాడు, వెనక ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి.

"అమ్మా, ఏడాదిది ఒకేసారి వేస్తే కొంచెం కలిసొస్తుందంట. నీ నంబరుకు ఏడాదిది వేయమంటావా, 28 రోజులదే చాలునా?"

ఒక్క నిమిషం ఆగు నాన్నా అన్నాను. ఆయన ఆగాడు.