పోత ఆపే సంతకం

బ్రిటన్‌లో సివిల్ ఇంజనీరుగా సైట్‌లో చేరిన తెలుగు అమ్మాయికి మొదటి నెలల్లో చాలాచోట్ల ఒకే రకం పని తగులుతుంది. డ్రాయింగుల రిజిస్టరు చూడటం, మీటింగుల్లో నోట్సు రాయడం, హ్యాండోవర్ ఫైళ్ళు సర్దడం. "నీ చేతిరాత నీటుగా ఉంది, ఇంగ్లిష్ బాగా రాస్తావు" అని మెచ్చుకుంటూనే ఇస్తారు. ఆ పని బాగా చేసేకొద్దీ అదే పని ఇంకా వస్తుంది. రెండేళ్ళు గడిచాక తనతో పాటు చేరిన అబ్బాయి నలభై మంది గ్యాంగ్‌ని నడుపుతుంటాడు, ఈ అమ్మాయి ఇంకా సైట్ ఆఫీసు క్యాబిన్‌లోనే ఉంటుంది.

ఇక్కడ నిర్మాణ రంగంలో పనిచేసేవారిలో ఆడవాళ్ళు సుమారు 15 శాతం. అందులోనూ ఎక్కువమంది ఆఫీసుల్లోనే. బూట్లు వేసుకుని బురదలో నిలబడి పని చేయించే స్థానానికి రావాలంటే ఏం చేయాలి? కష్టపడితే గుర్తింపు అదే వస్తుందని ఇంట్లో చెప్పి పంపిన మాట ఈ రంగంలో సగమే నిజం. సైట్‌లో పెద్దరికం సంతకంతో వస్తుంది. ఎవరి సంతకం లేకపోతే పని ఆగిపోతుందో వాళ్ళ కోసం ఫోర్‌మన్ వెతుక్కుంటూ వస్తాడు. కాబట్టి అలాంటి సంతకం ఒకటి త్వరగా సంపాదించాలి.

దానికి అన్నిటికన్నా దగ్గరి దారి టెంపరరీ వర్క్స్, అంటే అసలు కట్టడం నిలబడేదాకా పెట్టే తాత్కాలిక నిర్మాణాలు. మన దగ్గర సెంట్రింగ్ అనేది ఇందులో ఒక భాగం. పోత పోసే అచ్చులు, స్లాబ్ కింద ప్రాప్‌లు, గుంత గోడలు కూలకుండా పెట్టే ఆపులు, క్రేన్ నిలబడే వేదిక, పరంజా అన్నీ దీని కిందికే వస్తాయి. మన ఊళ్ళలో సెంట్రింగ్ మేస్త్రి అనుభవం మీద సాగిపోయే పని ఇక్కడ బీఎస్ 5975 అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం నడుస్తుంది. 1970లలో ఫాల్స్‌వర్క్ (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే తాత్కాలిక ఆధారం) కూలి ప్రాణాలు పోయాక బ్రాగ్ కమిటీ 1975లో నివేదిక ఇచ్చింది, దాని తర్వాత 1982లో ఈ ప్రమాణం వచ్చింది. తాజా రూపం 2024 నాటిది. దీని ప్రకారం ప్రతి సైట్‌లో టెంపరరీ వర్క్స్ కోఆర్డినేటర్‌ని రాతపూర్వకంగా నియమించాలి. అచ్చు మీద బరువు పడే ముందు ఆ స్థానంలో ఉన్నామె 'పర్మిట్ టు లోడ్' ఇవ్వాలి, విప్పే ముందు 'పర్మిట్ టు స్ట్రైక్' ఇవ్వాలి. తేడా కనిపిస్తే పని ఆపే అధికారం ఆమెకి ఆ ప్రమాణమే ఇస్తుంది. వయసు, గొంతు, ఎత్తు ఏవీ ఇందులో లెక్కలోకి రావు.

వరుస ఇలా ఉంటుంది. సైట్‌లో అడుగు పెట్టడానికి సీఎస్‌సీఎస్ కార్డు, దానికి ముందు ఆరోగ్య భద్రత పరీక్ష. తర్వాత సూపర్‌వైజర్లకి రెండు రోజుల ఎస్ఎస్ఎస్‌టీఎస్ భద్రతా కోర్సు, మేనేజర్లకి ఐదు రోజుల ఎస్ఎమ్ఎస్‌టీఎస్. రెండూ ఐదేళ్ళు చెల్లుతాయి, గడువు లోపలే రిఫ్రెషర్ చేయాలి. టెంపరరీ వర్క్స్ సూపర్‌వైజర్ కోర్సు ఒక రోజు, కోఆర్డినేటర్ కోర్సు రెండు రోజులు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కంపెనీ పంపుతుందని ఎదురుచూస్తారు. కంపెనీ ఎవరు అడిగితే వాళ్ళని పంపుతుంది. మూడు నెలలకోసారి జరిగే రివ్యూలో "నాకు శిక్షణ ఇప్పించండి" అని వదిలేయకుండా, "ఫలానా నెలలో మొదలయ్యే బేస్‌మెంట్ గోడలకి సూపర్‌వైజర్‌గా నన్ను నియమించండి, దానికి ముందు ఈ కోర్సు కావాలి" అని పని పేరు, తేదీ చెప్పి అడగాలి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక నియామక పత్రం కూడా వచ్చిందో లేదో చూసుకోవాలి. కోర్సు చేసి నియామకం లేనివాళ్ళు ప్రతి కంపెనీలో ఉంటారు.

సంతకం పెట్టడానికి పట్టు ఎక్కడ కావాలో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఆరు మీటర్ల పొడవు, 300 మిల్లీమీటర్ల మందం, నాలుగు మీటర్ల ఎత్తు గోడ. కాంక్రీటు 7.2 ఘనపు మీటర్లు, అంటే ఒకటే లారీ. డిజైనరు గంటకి రెండు మీటర్లకి మించి ఎత్తు పెరగకూడదని రాశాడనుకుందాం. గోడ అడుగు వైశాల్యం 1.8 చదరపు మీటర్లు కాబట్టి గంటకి పోయగలిగింది 3.6 ఘనపు మీటర్లే, మొత్తం పోతకి రెండు గంటలు. పంపు ఆపరేటరు వదిలేస్తే అరగంటలో లారీ ఖాళీ చేస్తాడు. అప్పుడు అడుగున కాంక్రీటు ఇంకా నీళ్ళలాగే ఉంటుంది, ఒత్తిడి ఎత్తుని 25తో (ఘనపు మీటరు కాంక్రీటు బరువు, కిలోన్యూటన్లలో) గుణించినంత, అంటే చదరపు మీటరుకి 100 కిలోన్యూటన్లు. అచ్చు 60కే డిజైన్ చేసి ఉంటే అచ్చు రెండు వైపులనీ కలిపి పట్టే టై రాడ్లు తెగుతాయి, ప్యానెళ్ళు విచ్చుకుంటాయి.

మన దగ్గర నేర్చుకున్న అంచనా ఇక్కడ తప్పుదారి పట్టించేది సరిగ్గా ఈ దగ్గరే. హైదరాబాదులో ఏప్రిల్ ఎండలో కాంక్రీటు త్వరగా బిగుసుకుంటుంది, కింది పొర గట్టిపడుతుంటే పై పొర పడుతుంది. జనవరిలో లీడ్స్‌లో ఐదు డిగ్రీల దగ్గర అదే మిశ్రమం గంటల తరబడి మెత్తగా ఉంటుంది. అందుకే డిజైను కాగితం మీద పోత వేగం పక్కనే కాంక్రీటు ఉష్ణోగ్రత కూడా రాసి ఉంటుంది, రెండూ కలిపి చదవాలి. లారీ గేటు దగ్గరికి రాగానే థర్మామీటరు పెట్టి చూడాలి. ఐదు డిగ్రీల కన్నా తక్కువ ఉంటే వెనక్కి పంపాలి. అచ్చు విప్పడంలోనూ ఇంతే. "నిన్న పోశాం కదా, ఈరోజు విప్పుదాం" అని వడ్రంగులు తొందరపెడతారు. నిలువు ముఖం విప్పడానికి చదరపు మిల్లీమీటరుకి కనీసం 2 న్యూటన్లు, మంచు దెబ్బ తగలకుండా ఉండటానికి 5 న్యూటన్ల బలం కావాలి. ఆ బలం వచ్చిందని పోత పక్కనే, అదే చలిలో ఉంచిన పరీక్ష క్యూబులైనా, లోపల పెట్టిన ఉష్ణోగ్రత సెన్సారైనా చెప్పాలి. ల్యాబులో 20 డిగ్రీల నీళ్ళలో నానిన క్యూబు ఫలితం చూపించి విప్పమంటే ఒప్పుకోకూడదు.

పోత రోజు లారీని ఆపితే ఎదురుచూపు ఛార్జీలు పడతాయి, గ్యాంగ్ విసుక్కుంటుంది. కొత్త కోఆర్డినేటర్లు ఇక్కడే మెత్తబడతారు. దీనికి మందు ముందురోజే వేయాలి. ఒక లారీకి బదులు గంట తేడాతో రెండు సగం లోడ్లు ఆర్డరు పెట్టించి, పోత వేగాన్ని పొద్దున్న బ్రీఫింగులో గ్యాంగర్‌కి (గ్యాంగ్ పెద్దకి) అంకెతో చెప్పి, అచ్చు మీద అరమీటరుకో గీత గీయించాలి. గీత దాటడానికి పావుగంట పట్టాలి. అప్పుడు ఎవరూ ఆమెతో వాదించాల్సిన అవసరం రాదు, గీతే చెబుతుంది. పర్మిట్ ఇచ్చే ముందు డ్రాయింగు రివిజన్ నంబరు, డిజైన్ చెక్ సర్టిఫికెట్, టై రాడ్ల నట్లు పూర్తిగా బిగిశాయా లేదా, ప్రాప్‌ల అడుగున పలకలు, పని వేదిక రెయిలింగులు స్వయంగా చూడాలి. ఫోటో చూసి సంతకం పెట్టకూడదు. ఒక్కసారి పెడితే ఆ తర్వాత ఎప్పుడూ ఫోటోలే వస్తాయి.

మాట తీరు గురించి కూడా చెప్పుకోవాలి. ఇక్కడ సార్లు, మేడమ్‌లు లేరు. ప్రాజెక్ట్ డైరెక్టరుని కూడా పేరు పెట్టే పిలుస్తారు. అరవై ఏళ్ళ ఫోర్‌మన్‌ని పేరుతో పిలవడానికి మనకి నోరు రాదు, గౌరవం పోతుందేమోనని "ఒకసారి వీలైతే చూస్తారా" అంటాం. మనకది మర్యాద, వాళ్ళకది అనుమానంలా వినిపిస్తుంది. ఎవరు, ఏం, ఎక్కడ, ఎన్నింటికల్లా అన్న నాలుగూ ఉంటే మాట స్పష్టంగా ఉంటుంది, మర్యాద చివర్లో చెప్పే థాంక్స్‌లో సరిపోతుంది. "లవ్", "డార్లింగ్" అని పిలిచే పెద్దవాళ్ళు ఉంటారు. చాలామందికి అది ఊతపదం. మొదటి రోజే నవ్వుతూ పేరు చెప్పి "ఇలా పిలవండి" అంటే వారంలో అలవాటవుతుంది. హద్దు దాటిన మాట వేరు. 2024 అక్టోబరు 26 నుంచి లైంగిక వేధింపులు జరగకుండా ముందే తగిన చర్యలు తీసుకునే బాధ్యత చట్టప్రకారం యజమానిదే. తేదీ, సమయం, అన్న మాట, విన్నవాళ్ళు అదేరోజు డైరీలో రాయాలి.

టాయిలెట్ సంగతి చాలామంది సిగ్గుపడి అడగరు, నీళ్ళు తాగడం మానేస్తారు. అలా చేసి ఆరోగ్యం పాడుచేసుకోవద్దు. సీడీఎం 2015 అనే నిర్మాణ భద్రతా నిబంధనల ప్రకారం ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా గదులు ఉండాలి, లేదా లోపల గడియ పెట్టుకునే ఒంటరి గది అయినా ఉండాలి. పని మొదలయ్యే ముందు వెల్ఫేర్ ప్లాన్ తయారయ్యేటప్పుడే దాన్ని, అందులో ఒక శానిటరీ బిన్‌నీ రాయించాలి. కొలతకి సరిపోని రక్షణ సామాను కూడా ఇలాంటిదే. పెద్ద గ్లవ్స్‌తో టోటల్ స్టేషన్ (సర్వే కొలతల యంత్రం) స్క్రూ తిరగదు, వదులు జాకెట్ చేతులు రాడ్లకి తగులుకుంటాయి, జుట్టు ముడి పైన ఉంటే హెల్మెట్ తలమీద కూర్చోదు. మెడ దగ్గర జడ కిందికి అల్లుకుంటే కుదురుతుంది. సరిపోయే సామాను ఉచితంగా ఇవ్వాల్సింది కంపెనీయే.

టెంపరరీ వర్క్స్ పట్టు చిక్కాక తర్వాతి మెట్టు డబ్బు. సాంకేతికం మాత్రమే తెలిసినవాళ్ళు సీనియర్ ఇంజనీరు దగ్గర ఆగిపోతారు, కాంట్రాక్టు చదివినవాళ్ళు ప్రాజెక్ట్ మేనేజర్లు అవుతారు. ఎన్ఈసీ4 అనే ప్రామాణిక కాంట్రాక్టులో సమస్య వస్తుందని తెలిసిన వెంటనే ఎర్లీ వార్నింగ్ ఇవ్వాలి. కాంట్రాక్టరు కాంపెన్సేషన్ ఈవెంట్‌ని (అదనపు డబ్బూ సమయమూ అడగడానికి వీలిచ్చే సంఘటనని) తెలిసిన ఎనిమిది వారాల్లో తెలియజేయకపోతే చాలా సందర్భాల్లో డబ్బూ సమయమూ రెండూ పోతాయి. సైట్ డైరీలో ఆరోజు ఎంతమంది, ఏ యంత్రం, ఎందుకు ఖాళీగా ఉంది అని రాసినదే ఆ క్లెయిముకి ఆధారం. నోట్సు రాసే పని తప్పనప్పుడు దాన్ని ఇటు మళ్ళించాలి. పనుల ఖర్చు లెక్కకట్టే క్వాంటిటీ సర్వేయర్‌తో నెలకోసారి గంట కూర్చుంటే మరో ఏడాదిలో ఆ భాష వచ్చేస్తుంది.

పేరు కాగితం మీద ఉండటం ఎంత ముఖ్యమో లండన్‌లోని వాటర్లూ వంతెన చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాన్ని కట్టినవారిలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1945 ప్రారంభోత్సవ ప్రసంగం మగవాళ్ళనే మెచ్చుకుంది. అధికారిక చరిత్ర దశాబ్దాల పాటు ఆ ఆడవాళ్ళ ఊసెత్తలేదు. అదే కాలంలో, 1943లో, మద్రాసు గిండీ కాలేజీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికొచ్చిన మన అయ్యలసోమయాజుల లలిత తర్వాత లండన్‌లోని ఇనిస్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్‌లో సభ్యత్వం తీసుకున్నారు. అలాంటి సభ్యత్వం ఇవాళ్టికీ విలువైనదే. సివిల్ వాళ్ళు ఐసీఈ (ఇనిస్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్) చార్టర్డ్ సభ్యత్వానికి మొదటి ఏడాది నుంచే అనుభవాన్ని రాసిపెట్టుకోవాలి.

వీసా మాట చెప్పకపోతే ఇదంతా అసంపూర్ణం. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి సాధారణ జీతం హద్దు ఏడాదికి 41,700 పౌండ్లు, కెరీర్ మొదట్లో ఉన్నవారికి 33,400. వీసా నిబంధనల్లో ఒక్కో ఉద్యోగానికి ఒక కోడ్ ఉంటుంది, ఆ కోడ్‌కి ప్రకటించిన జీతం ఎక్కువైతే దాన్నీ చూడాలి. తక్కువ హద్దు మొత్తం నాలుగేళ్ళే, గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా అందులోకే వస్తుంది. ప్రమోషన్‌లో ఇంకో చిక్కు ఉంది. సివిల్ ఇంజనీర్ కోడ్ 2121, నిర్మాణ ప్రాజెక్ట్ మేనేజర్ కోడ్ 2455. కోడ్ మారితే కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాకే కొత్త పదవిలో పని మొదలుపెట్టాలి. సైట్‌లో మేనేజరుకి ఈ సంగతి తెలియదు, సోమవారం నుంచే చేరమంటాడు. ఆఫర్ వినగానే హెచ్ఆర్‌కి రాతలో కోడ్ అడగాలి.

ప్రసూతి సెలవు తీసుకుంటే వీసా పోతుందని భయపడేవాళ్ళు చాలామంది. చట్టబద్ధమైన ప్రసూతి సెలవుకి జీతం తగ్గినా వీసాకి దెబ్బ లేదు, ప్రసూతి వేతనం పబ్లిక్ ఫండ్స్ (వీసా మీద ఉన్నవారు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కిందికి రాదు. సెలవు 52 వారాల దాకా, వేతనం 39 వారాలు, మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం. గర్భం సంగతి రాతపూర్వకంగా తెలిపితే కంపెనీ ఆమె పనికి ప్రత్యేకంగా ప్రమాదాల అంచనా వేయాలి. సెలవుకి వెళ్ళేముందు టెంపరరీ వర్క్స్ రిజిస్టరుని కొత్త కోఆర్డినేటరుకి అంశం అంశంగా అప్పగించి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అందులో తెరిచి ఉన్న పర్మిట్లు ఎన్నో, ఇంకా విప్పని ప్రాప్‌లు ఎక్కడున్నాయో ఉండాలి. తిరిగి వచ్చిన మొదటి వారంలోనే కొత్త నియామక పత్రం అడిగి, రిజిస్టరులో తన పేరు మళ్ళీ రాయించుకోవాలి. ఆ పత్రం రాకపోతే తాత్కాలికంగా వచ్చినవాడి సంతకమే సాగుతుంటుంది, ఆమె మళ్ళీ డ్రాయింగుల రిజిస్టరు దగ్గర కూర్చుంటుంది.