రంగం వెళ్లిన బియ్యం

2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వచ్చింది. వారం తిరక్కుండానే విశాఖ రేవు నుంచి నౌకాదళం వారి ఘడియాల్ అనే ఓడ 442 టన్నుల సరుకుతో యాంగోన్ వైపు, అంటే మన పెద్దవాళ్లు రంగం అని పిలిచిన రంగూన్ వైపు, బయల్దేరింది. అందులో 405 టన్నులు బియ్యమే. మిగతాది వంటనూనె, బిస్కెట్లు, నూడుల్స్. ఆ వార్త ఇంకా జనం నోళ్లలో నానుతుండగానే నేను పలాస ప్యాసింజర్ ఎక్కాను. కవిటి దగ్గర పల్లెలో మా చిన్నాన్నకి డయాలసిస్ నడుస్తోంది, చూసి రావాలని.

చీపురుపల్లి దాటాక ఎదురు సీట్లో పెద్దాయన పక్క కుర్రాడి ఫోన్లో ఆ ఓడ వీడియో చూసి ఊరుకోలేకపోయాడు. "మన బియ్యం రంగం ఎల్లిపోతన్నాయి. సూడమ్మా, మా ఇంట్లో ముగ్గురికి కిడ్నీలు పోనాయి. ఈదిలో కుళాయుంది గానీ నీల్లు రావు. ముందు మన ఇల్లు సక్కబెట్టుకోవాల గదా, తరవాత ఊరోల్ల సంగతి!" బోగీలో ఒక్కరూ కాదనలేదు. ఒకావిడైతే "నిజమే బావూ" అని గట్టిగానే అంది.

నేను జవాబు చెప్పలేదు. ఇంట్లో ముగ్గురు రోగులున్న మనిషికి అప్పటికప్పుడు చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, వంశధార వంతెన, నౌపడ ఉప్పుమళ్లు అన్నీ కిటికీలోంచి పోతున్నా నా బుర్రలో ఆయన మాటే తిరుగుతోంది.

పలాసలో దిగి, తెలిసినవాళ్ల జీడి ఫ్యాక్టరీకి వెళ్లాను. ఇంటికి పప్పు కొనాలి. ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఈ తోటల ప్రాంతంలో, పండే జీడిపిక్క ఒక్కటే ఇక్కడి ఫ్యాక్టరీలన్నిటికీ చాలదు, ఆఫ్రికా నుంచి కూడా వస్తుంది. గోడవారగా పేర్చిన గోనె బస్తాల మీద ఐవరీ కోస్ట్ పేరు అచ్చేసి ఉంది. లోపల ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్క కొడుతున్నారు. కత్తి మీద పిక్క పెట్టడం, పెచ్చు విడగొట్టడం, పప్పు విరగకుండా గుండుగా బయటికి తియ్యడం. పప్పు విరిగితే రేటు పడిపోతుంది. పెచ్చులోని జీడి రసం తగిలి వాళ్ల వేళ్ల చివర్లు నల్లగా మాడినట్టున్నాయి, గోళ్ల పక్క చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. ఇప్పుడు ఇక్కడి పిక్క ఎంత, బయటి పిక్క ఎంత అని ఒకామెని అడిగాను. "బయట పిక్క రాకపోతే మాకు పనేటుంటాది అప్పా?" అంది తల ఎత్తకుండానే. ఎక్కడి ఐవరీ కోస్ట్, ఎక్కడి పలాస! అక్కడ తుపానో కరువో వస్తే ఈమె ఇంట్లో పొయ్యి మీద తెలుస్తుంది. దాన్ని 'ఊరోల్ల సంగతి' అనుకోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

మందస, సోంపేట మీదుగా కవిటి. ఈ దారి తెలిసినవాళ్లకి 2018 అక్టోబరు 11 చెప్పక్కర్లేదు. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస అన్నీ ఒక్క పూటలో నేల మీద పడుకున్నాయి. తరవాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. చిన్నాన్న తోటలో కొత్త చెట్ల మధ్య పాత మొదళ్లు ఇంకా ఉన్నాయి. పీకించడానికి కూలి దండగని వదిలేశారట.

చిన్నాన్న చిక్కిపోయాడు. ఎడమ చేతి మీద ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, నరం తాడులా ఉబ్బింది. "పట్టి సూడు" అన్నాడు. వేలు ఆనిస్తే లోపల రక్తం గరగరమని పరుగెడుతోంది. ఆ చెయ్యి మీద బరువు మొయ్యకూడదు, బీపీ చూడకూడదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. డయాలసిస్ రోగులకి ప్రభుత్వం ఇచ్చే పదివేల పింఛనుతో ఇల్లు నడుస్తోంది.

రైల్లో పెద్దాయన మాట చెప్పాను. కాసేపు ఊరుకుని చిన్నాన్న తిత్లీ సంగతి ఎత్తాడు. రోడ్డంతా చెట్లు. కరెంటు లేదు, మోటారు లేదు, తాగడానికి నీళ్లు లేవు. వేరే జిల్లాల నుంచి లైన్‌మెన్లు వచ్చి బళ్లో పడుకుని, ఇక్కడోళ్లు వండి పెట్టింది తిని స్తంభాలు నిలబెట్టారు. "ఆల్లూర్లో కరెంటు కోతల్లేవా? ఆల్లింట్లో రోగాల్లేవా? 'ముందు మా ఊరు' అని కూసుంటే నాకిక్కడ దీపం ఎలిగునా?" అన్నాడు.

ఆ తుపానుకి రెండు నెలల ముందే కేరళలో వరదలొస్తే మనవాళ్లు ఇళ్లలోంచి దుప్పట్లూ బియ్యం మూటకట్టి పంపారు. తిత్లీ వచ్చేసరికి దేశం మన వైపు అంతగా చూడలేదని ఉద్దానం ఇప్పటికీ నొచ్చుకుంటుంది. నొచ్చుకోవడం న్యాయమే. ఎందుకు చూడలేదు మరి? శ్రీకాకుళం ఢిల్లీకి దూరం, హైదరాబాదుకి దూరం, అమరావతికీ దూరమే. 'దగ్గరివాళ్లు ముందు' అన్న లెక్క ఎక్కడ మొదలుపెట్టినా మన జిల్లా పేరు వరసలో ఆఖరునే పడుతుంది. ఆ లెక్క వల్ల ఎన్నాళ్లుగానో నష్టపోతున్న వాళ్లం, దాన్నే న్యాయమని మనం వాదించడం నాకు బొత్తిగా మింగుడుపడదు.

డబ్బు సంగతీ చూద్దాం. ఆ 405 టన్నుల బియ్యానికి కిలో నలభై చొప్పున కట్టినా కోటీ అరవై రెండు లక్షలు. ఉద్దానం మండలాలకి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకానికి అయిన ఖర్చు 700 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైమాట, అందులో విదేశాలకిచ్చే సాయం మొత్తం కలిపి 5,483 కోట్లు. వంద రూపాయల్లో పదకొండు పైసలు. ఇందులోనూ పెద్ద వాటా భూటాన్‌దే. ఓడని రేవులోనే ఆపేసినా పెద్దాయన వీధి కుళాయిలో చుక్క రాలదు.

ఆయన కోపంలో నిజం లేదని కాదు. మయన్మార్‌లోని మాండలేలో మన సైనికులు రోజుల్లో ఆసుపత్రి నిలబెట్టి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరుకి తెరుచుకున్నాయి. అసలు జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లా, ఎండలో చాకిరీయా, మరొకటా అని ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అంత తొందరగా కదలగలిగే దేశం మన విషయంలో ఇంత నెమ్మది ఎందుకు? ఈ ప్రశ్న అడగాల్సిందే, గొంతెత్తి అడగాల్సిందే. మాండలేలో రాళ్ల కింద ఉన్నవాళ్లని అడ్డం పెట్టుకోకుండా అడగాలి.

మనం పుచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. 2021 మేలో కరోనాతో ఊపిరాడక జనం చచ్చిపోతుంటే ఇదే విశాఖ రేవుకి ఐరావత్ అనే ఓడ సింగపూర్ నుంచి దాదాపు నాలుగు వేల ఆక్సిజన్ సిలిండర్లు మోసుకొచ్చింది. ఆ నెలలోనే కెన్యా మన ఆరోగ్య సిబ్బంది కోసం 12 టన్నుల టీ, కాఫీ, వేరుశెనగ పంపింది. కెన్యాలో ఆకలి లేదా? అప్పుడు కొందరు నవ్వారు. నాకు మాత్రం ఆ వేరుశెనగ గింజలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

సాయంత్రం బారువ తీరానికి వెళ్లాం. మా తాత ఈ తీరం నుంచే రంగం వెళ్లాడు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్రలో రంగంలో మనిషి లేని ఊరు అరుదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చేశారు. తాత అలా వచ్చినవాడే. దారిలో కొండ ఊరి ఆడమనిషి ఎవరో గంజి పోసి రెండు రోజులు ఇంట్లో ఉంచుకుందని చచ్చేదాకా చెప్పుకున్నాడట. "ఆ గంజి లేకపోతే నాను లేను, నువ్వూ లేవు" అన్నాడు చిన్నాన్న.

రాత్రి కూర్చుని అర్జీ రాశాం. వీధి చివర ఇళ్లకి కుళాయి నీళ్లు ఎక్కడం లేదని, డయాలసిస్ రోజుల్లో పొద్దున్నే వెళ్లడానికి బండి దొరకడం లేదని. పక్కింటి కుర్రాడు "బర్మాకి బియ్యం పంపినారు, మాకు నీల్లియ్యలేరా అని కూడా రాయండి" అన్నాడు. రాశాను. చిన్నాన్న చదివించుకుని, "అది కొట్టీ. మనకి నీల్లు కావాల, బండి కావాల. అదే గట్టిగా రాయి" అన్నాడు. కొట్టేశాను. అర్జీ కింద వీధిలోవాళ్లు సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్లు వేలిముద్రలు వేశారు.

సోమవారం మా తమ్ముడు దాన్ని శ్రీకాకుళం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు నంబరు నాకు పంపాడు. ఇప్పుడు ప్రతి వారం ఫోన్ చేసి ఆ నంబరు ఏమైందని అడుగుతున్నాను. చివర ఇళ్లవాళ్లు ఇంకా బిందెలు పట్టుకుని ట్యాంకు దగ్గరికే వెళ్తున్నారట.